పొగమంచులో ఎర్రటి సూర్యుడు: ఇంప్రెషనిజం మీద గొడవ ఇంకా ఎందుకు తెగలేదు

మా వీధి చివర పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో, మన పేరు ఎప్పుడు పిలుస్తారా అని టెన్షన్ పడుతూ కూర్చునే చోట, గోడకి ఒక కలువల కొలను బొమ్మ ఉంటుంది. క్లోడ్ మోనే వేసినదానికి ప్రింటు. అదే బొమ్మని మీరు కాఫీ కప్పు మీదో, ఫోన్ కవర్ మీదో, క్యాలెండర్ మీదో చూసే ఉంటారు. ఎవరినీ ఇబ్బంది పెట్టని బొమ్మ కావాలంటే జనం చేయి ముందుగా వెళ్లేది దీని మీదికే. అలాంటిది 1876లో ఈయనా, ఇంప్రెషనిస్టులని పేరు పడిన ఈయన స్నేహితులూ పారిస్‌లో బొమ్మలు పెడితే, ఫిగారో పత్రికలో ఆల్బెర్ట్ వోల్ఫ్ అనే విమర్శకుడు వాళ్లని ఐదారుగురు పిచ్చివాళ్లు, అందులో ఒక ఆడమనిషి కూడా ఉంది అని రాశాడు. చెట్లు ఊదారంగులో ఉండవని వాళ్లలో ఒకడైన పిస్సారోకి ఎవరైనా చెప్పండయ్యా అని కూడా మొత్తుకున్నాడు.

దీన్ని మనకి మామూలుగా రెండు ముక్కల్లో చెప్పేస్తారు: కొత్త పద్ధతి వచ్చింది, పాతవాళ్లకి అర్థం కాలేదు, తర్వాత అందరికీ అర్థమైంది. ఈ కథతో నాకు ఎప్పుడూ తృప్తి లేదు. ఆ విమర్శకులు తెలివితక్కువవాళ్లేం కారు, బొమ్మలు చూడటమే పనిగా బతికినవాళ్లు. వాళ్లు అడిగింది చాలా సూటి ప్రశ్న: ఈ బొమ్మ అయిపోయిందా, ఇంకా మధ్యలో ఉందా? దాన్ని ఆనుకునే ఇంకోటి ఉంది. అయిపోయిందని చెప్పాల్సింది ఎవరు, వేసినవాడా, జ్యూరీయా, కొనేవాడా? ఈ రెండు ప్రశ్నల్నీ పట్టుకుని వెళ్తే ఇంప్రెషనిజం ముడి చాలావరకు విడిపోతుందని నా నమ్మకం.

అప్పటి ఫ్రాన్స్‌లో చిత్రకారుడు నాలుగు డబ్బులు చూడాలంటే సలోన్‌లో అతని బొమ్మ ఉండాలి. సలోన్ అంటే ప్రభుత్వం అండతో జరిగే పెద్ద ప్రదర్శన. నేల నుంచి కప్పు దాకా వరసలు వరసలుగా బొమ్మలు, లక్షల్లో జనం. మన సినిమావాళ్లకి సంక్రాంతి రిలీజు ఎలాంటిదో వాళ్లకి అది అలాంటిది, అక్కడ పడితేనే పేరు, పేరుంటేనే ఆర్డర్లు. లోపలికి ఏది వెళ్లాలో జ్యూరీ తేలుస్తుంది. జ్యూరీకి కావలసినదేంటో కూడా అందరికీ తెలుసు: పురాణమో, చరిత్రో, బైబిలో అయితే పై మెట్టు, ఊరి పొలమూ పండ్ల బుట్టా కింది మెట్టు, ఏది వేసినా సరే బ్రష్ తిరిగిన జాడ కనపడకూడదు, చర్మం పింగాణీలా నున్నగా ఉండాలి. ఇక్కడ ఒక విషయం చాలామంది వదిలేస్తారు. గబగబా, బ్రష్ గీతలు కనపడేలా, ఆరుబయట బొమ్మ వేయడం ఇంప్రెషనిస్టులు కనిపెట్టింది కాదు. జ్యూరీ మెచ్చే పాత పద్ధతివాళ్లు, అంటే అకాడమీ చిత్రకారులు కూడా అలా వేసేవాళ్లు, బాగా వేసేవాళ్లు. కానీ అది వాళ్లకి రఫ్ నోట్సు. స్టూడియోకి తెచ్చి దాన్ని చూస్తూ నెలల తరబడి ఫెయిర్ చేసేవాళ్లు, జనానికి చూపించేది ఆ ఫెయిర్ కాపీ. మోనే, పిస్సారో, సిస్లే లాంటివాళ్లు రఫ్ నోట్సు లాంటిదాన్నే ఫ్రేము కట్టి, సంతకం పెట్టి, ఇదే బొమ్మ అన్నారు. కోపం వచ్చింది అక్కడ.

1863లో జ్యూరీ వచ్చిన బొమ్మల్లో సగానికి పైగా తిప్పికొట్టింది. గొడవ బాగా ముదిరేసరికి చక్రవర్తి మూడో నెపోలియన్, తిప్పికొట్టినవాటిని కూడా పక్కన పెట్టండి, జనమే చూసి తేల్చుకుంటారు అన్నాడు. ఎదువార్ మానే వేసిన 'గడ్డి మీద భోజనం' అక్కడే బయటపడింది, కోట్లు తొడుక్కున్న ఇద్దరు మగవాళ్ల పక్కన బట్టల్లేని ఒక మామూలు పారిస్ అమ్మాయి కూర్చుని నేరుగా మన కళ్లల్లోకి చూస్తుంటుంది. అదే ఏడాది అసలు సలోన్‌లో కబానెల్ వేసిన వీనస్ కూడా బట్టల్లేకుండానే సముద్రపు అలల మీద పడుకుని ఉంది, దాన్ని చక్రవర్తే కొనుక్కున్నాడు. దేవతైతే పర్వాలేదు, పక్కింటి అమ్మాయైతే తప్పు. (మానే, మోనే ఇద్దరూ వేరు, స్నేహితులు. మానే వీళ్లందరికీ పెద్దన్న లాంటివాడే గానీ వీళ్ల ప్రదర్శనల్లో ఒక్కసారి కూడా తన బొమ్మ పెట్టలేదు, సలోన్‌లోనే గెలవాలన్నది ఆయన పంతం.)

ఇది ఆ రోజుల్లోనే ఎందుకు జరిగింది అంటే, నలుగురు కుర్రాళ్ల ధైర్యం ఒక్కటే చాలదు, సామాను కూడా మారింది. అంతకుముందు నూరిన రంగుని పంది మూత్రాశయంతో చేసిన తిత్తిలో పోసి మూతి కట్టేవాళ్లు, వాడాలంటే పొడిచి పిండాలి, పొడిచాక అది మళ్లీ సరిగ్గా మూసుకోదు, రంగు ఎండిపోతుంది. 1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరంతో నొక్కితే రంగు వచ్చే ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. మనం రోజూ పొద్దున్నే నొక్కే పేస్టు ట్యూబు లాంటిదే. దాంతో స్టూడియోని సంచిలో వేసుకుని పొలానికి వెళ్లొచ్చు. రంగులూ పెరిగాయి. ఒకప్పుడు అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే లాజవర్ద్ రాయిని నూరితే తప్ప దొరకని ముదురు నీలం 1820ల చివరికల్లా ఫ్రాన్స్ ఫ్యాక్టరీల్లో చవగ్గా తయారైంది. 1830ల చివర్లో రైళ్లు మొదలయ్యాయి. సెయింట్ లాజార్ స్టేషన్లో రైలెక్కితే కాసేపట్లో అర్జాంతూయ్, నది ఒడ్డు, పడవలు, ఆదివారం సరదాకి వచ్చిన జనం. వీళ్లు వేసిన 'ప్రకృతి'లో ఎక్కువ భాగం రైలు టికెట్టు కొని వెళ్లి చూసిన ప్రకృతే.

ఇంకొకటి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో వేసిన పుస్తకం. ఆయన గోబెలాఁ అనే ప్రభుత్వ నేత కార్ఖానాలో అద్దకం పనికి పెద్ద. మీ నల్లరంగు వెలిసినట్టుంది అని ఫిర్యాదులొస్తుంటే రంగంతా పరీక్షించి చూశాడు, రంగులో లోపం లేదు, తప్పు పక్కన నేసిన దారానిది. ఒక రంగు ఎలా కనిపిస్తుందో దాని పక్కనున్న రంగు నిర్ణయిస్తుంది. చీరలు కొనే ఏ అమ్మకైనా ఈ సంగతి షెవ్రూల్ చెప్పక్కర్లేదు, అదే ఆకుపచ్చ చీర ఎర్రంచుతో ఒకలా, పసుపంచుతో ఇంకోలా కనిపిస్తుంది కాబట్టే కదా షాపులో అన్ని చీరలు విప్పించేది. వీళ్లు దాన్ని కాన్వాస్ మీదికి తెచ్చారు. రంగుల్ని పలకమీద కలిపి బురద చేయకుండా, విడివిడి గీతలుగా పక్కపక్కన పెట్టి, ఒకదాన్నొకటి రగిలించేలా చేశారు.

ఇక 1874. జ్యూరీతో వేగలేక ఒక ముప్ఫై మంది కలిసి సొసైటీ పెట్టుకున్నారు, సొంత ఖర్చుతో బొమ్మలు పెట్టుకుందామని. నిజానికి ఈ ఆలోచన 1867లోనే వచ్చింది. అప్పుడు ముందున్నవాళ్లలో ఒకడైన ఫ్రెడెరిక్ బజీల్, 1870 నవంబర్‌లో ప్రష్యాతో యుద్ధంలో ఇరవై తొమ్మిదో ఏట చనిపోయాడు. పిస్సారో ఇంట్లో ప్రష్యా సైనికులు మకాం పెట్టి, ఆయన ఏళ్ల తరబడి వేసిన కాన్వాసుల్ని బురదలో నడవడానికి పరుచుకున్నారు. ఇంత జరిగాక 1874 ఏప్రిల్ 15న, కపూసీన్ బులవార్ 35వ నంబర్లో, ఫోటోగ్రాఫర్ నడార్ ఖాళీ చేసిన స్టూడియోలో తలుపులు తెరిచారు. టికెట్టు ఒక ఫ్రాంకు. పగలు పనిచేసుకునేవాళ్లు కూడా వస్తారని రాత్రి 8 నుంచి 10 దాకా కూడా తెరిచి ఉంచారు. నెల రోజుల్లో వచ్చింది సుమారు 3,500 మంది. చివరికి లెక్క చూసుకుంటే నష్టం, ఒక్కొక్కరి నెత్తిన 184 ఫ్రాంకుల యాభై సెంటీముల బాకీ, ఆ డిసెంబర్లోనే సొసైటీ మూసేశారు.

అక్కడున్న బొమ్మల్లో ఒకదాని దగ్గర కాస్త ఆగుదాం. 48 సెంటీమీటర్ల ఎత్తు, 63 సెంటీమీటర్ల వెడల్పు, గోడకి పెట్టే పెద్ద క్యాలెండరంత. లె హావ్ర్ రేవు, మోనే పెరిగిన ఊరు, 1872లో హోటల్ కిటికీలోంచి చూసింది. నీలం, బూడిద కలిసిన పొగమంచు. నీళ్ల మీద మూడు చిన్న పడవలు, దగ్గరున్నది నల్లటి మరక, దానికంటే దూరమున్నది ఇంకా పల్చన, మూడోది ఉందా లేదా అన్నట్టు. వెనక ఓడల స్తంభాలు, క్రేన్లు, పొగ కక్కుతున్న చిమ్నీలు. మధ్యలో కుంకుమబొట్టంత నారింజ సూర్యుడు, కింద నీళ్లల్లో నాలుగైదు నారింజ గీతలు, అంతే. రంగు చాలా చోట్ల ఎంత పల్చగా ఉంటుందంటే గుడ్డ కనిపిస్తుంది. క్యాటలాగు తయారు చేస్తున్న ఎడ్మండ్ (ఈ గుంపులోని చిత్రకారుడు రెన్వార్‌కి తమ్ముడు) దీనికి పేరేం పెట్టమంటావని అడిగితే, లె హావ్ర్ దృశ్యం అని చెప్పడానికి మోనేకే మనసొప్పలేదు, అందులో ఊరు అంతగా కనపడదు కదా, 'ఇంప్రెషన్' అని పెట్టు అన్నాడు. క్యాటలాగులో అది 'ఇంప్రెషన్, సూర్యోదయం' అయింది. ఇంప్రెషన్ అంటే ముద్ర, ఒక క్షణం మనసు మీద పడి వెళ్లిపోయేది.

ఇప్పుడు ఒక పని చేయండి. ఈ బొమ్మ ఫోటో మంచిది ఒకటి ఫోన్లో తెరిచి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేయండి. సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! హార్వర్డ్‌లో మెదడూ చూపూ మీద పనిచేసే మార్గరెట్ లివింగ్‌స్టన్ దీన్ని వివరంగా చెప్పారు: ఆ నారింజ రంగుకీ చుట్టూ ఉన్న బూడిద ఆకాశానికీ రంగులో తేడా ఉందే తప్ప వెలుతురులో దాదాపు లేదు. మన మెదడులో వస్తువు ఎక్కడుందో, కదులుతోందో లేదో చూసే భాగానికి రంగు పట్టదు, వెలుతురు తేడాయే కావాలి. రంగు చూసే భాగం సూర్యుడున్నాడంటుంది, చోటు చూసే భాగం అక్కడేమీ లేదంటుంది. ఆ రెండింటి మధ్య తగువే మనకి ఆ సూర్యుడు సన్నగా వణుకుతున్నట్టు, నిలకడ లేనట్టు కనిపించడానికి కారణం. మోనేకి ఈ నరాల లెక్కలేవీ తెలియవు, చూసి చూసి చేతికొచ్చిన విద్య అది. అయినా ఇది తెలిశాక ఆ బొమ్మని 'గబగబా గీకేసింది' అనడానికి నాకు నోరు రాలేదు.

లూయీ లెరువా అన్నాడు మరి. షారివారి అనే వ్యంగ్య పత్రికలో ఏప్రిల్ 25న రాసిన ముక్కలో, ఇంకా తయారవుతున్న వాల్‌పేపర్ కూడా ఈ సముద్రం బొమ్మ కంటే పూర్తయినట్టుంటుంది అని ఒక పాత్ర చేత చెప్పించాడు. శీర్షిక 'ఇంప్రెషనిస్టుల ప్రదర్శన'. అలా ఎగతాళి పేరు అంటుకుంది. అయితే అందరూ తిట్టారన్నది పెంచి చెప్పిన మాట. నాలుగు రోజులు తిరక్కుండానే కస్తానరీ అనే విమర్శకుడు అదే పేరుని మెచ్చుకోలుగా వాడాడు, వీళ్లు వేసేది దృశ్యాన్ని కాదు, దృశ్యం మనలో లేపిన అనుభూతిని, ఆ అర్థంలో వీళ్లు ఇంప్రెషనిస్టులే అన్నాడు. ఇన్నేళ్లలో దీనికంటే మంచి నిర్వచనం నేను చదవలేదు. ఆయన కూడా ఒక హెచ్చరిక చేశాడు, ముద్ర దగ్గరే ఆగిపోతే లాభం లేదని. అంటే స్నేహితుడి మనసులోనూ 'పూర్తయిందా' అన్న ప్రశ్న ఉంది.

ఊదారంగు చెట్ల సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే అందులో నిజం పిస్సారో వైపే ఉంది. మంచి ఎండలో, తెల్లగా సున్నం కొట్టిన గోడ మీద వేపచెట్టు నీడ పడినప్పుడు దగ్గరికెళ్లి తీరిగ్గా చూడండి. నీడ నల్లగా ఉండదు. నీలంగా ఉంటుంది, పక్కన పసుపుపచ్చటి ఎండ ఉంది కాబట్టి ఒక్కోసారి ఊదాగా అనిపిస్తుంది. ఎండ తగలని చోటికి కూడా ఆకాశం వెలుగు వస్తుంది, ఆకాశం నీలం. నీడ నలుపు అని మనకి మెదడు చెబుతుంది, కన్ను చెప్పదు. అకాడమీవాళ్లు మెదడుకి తెలిసినదాన్ని వేశారు, వీళ్లు కంటికి కనిపించినదాన్ని వేశారు. వోల్ఫ్‌కి కోపం వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు, పుట్టినప్పటి నుంచి నమ్మినదాన్ని ఎవరో కాదన్నట్టుంటుంది.

ఇక్కడే ఒక అపోహ కూడా తీసేయాలి. ఆరుబయట కూర్చుని అరగంటలో ముగించి ఇంటికెళ్లిపోయేవాళ్లు అనుకుంటారు. మోనే రూఆఁ చర్చి బొమ్మల కోసం 1892లో, 1893లో ఎదురుగా గదులు అద్దెకు తీసుకుని, చుట్టూ చాలా కాన్వాసులు పెట్టుకుని, వెలుగు మారగానే ఒకటి పక్కనపెట్టి ఇంకోటి అందుకునేవాడు. తర్వాత వాటిని జివెర్నీ ఇంటికి తెచ్చి మళ్లీ మళ్లీ దిద్ది 1894 తేదీ వేశాడు, 1895లో ఇరవై జనానికి చూపించాడు. క్షణంలో పుట్టినట్టు కనిపించడానికి మూడేళ్లు పట్టింది.

వోల్ఫ్ అన్న ఆ 'ఒక ఆడమనిషి' బెర్త్ మోరిసో. సొసైటీ మూసేసినా ఈ గుంపు ప్రదర్శనలు ఆగలేదు, మొత్తం ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింట్లో ఆమె బొమ్మలున్నాయి, కూతురు పుట్టినందువల్ల 1879 ఒక్కటే తప్పింది. ఎనిమిదింట్లోనూ ఉన్నది పిస్సారో ఒక్కడే. పారిస్‌లోని ప్రభుత్వ ఆర్ట్ స్కూల్ ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1897లో, ఆమె పోయిన రెండేళ్లకి. స్నేహితులు రాత్రిళ్లు కాఫీ హోటల్లో కూర్చుని వాదించుకుంటుంటే పరువైన ఇంటి ఆడది అక్కడికి వెళ్లకూడదు. అందుకే ఆమె బొమ్మల్లో ఇల్లు, తోట, బాల్కనీ. ఇది చూసి 'ఆడవాళ్ల సున్నితత్వం' అంటూ రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నాకు ఒళ్లు మండుతుంది. 1874 ప్రదర్శనలో పెట్టిన ఆమె 'ఉయ్యాల' చూడండి. ఉయ్యాలలో పాప నిద్రపోతోంది, పక్కన తల్లి, ఒక చెయ్యి గడ్డానికి ఆనించి, రెండో చేత్తో దోమతెర లాంటి పల్చటి తెరని పట్టుకుని ఉంది. పాప చెయ్యి కూడా తల్లి చెయ్యిలాగే మడిచి తల దగ్గర ఉంది. ఆ తెర తెలుపు, కానీ అందులో తెలుపు ఎంత వెతికినా కొంచెమే, మిగతాదంతా లేత నీలం, బూడిద, అంచుల్లో గులాబీ. పాప ముఖం ఆ తెర వెనక ఉంది, మనకి మసకగానే కనిపిస్తుంది, పూర్తిగా చూడనివ్వట్లేదు తల్లి. ఆ తల్లి బెర్త్ అక్క ఎడ్మా. ఇద్దరూ కలిసి బొమ్మలు నేర్చుకున్నారు, పెళ్లయ్యాక ఎడ్మా మానేసింది. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆ ముఖంలో ఉన్నది ముద్దు ఒక్కటే అని నాకు అనిపించదు. దీన్ని ఆరోజు ఎవరూ కొనలేదు. ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండి 1930లో లూవ్ర్ చేతికి వచ్చింది.

డబ్బు గురించి మాట్లాడకుండా ఈ కథ పూర్తికాదు. 'ఇంప్రెషన్, సూర్యోదయం'ని ఎర్నెస్ట్ ఒషెడే అనే బట్టల వ్యాపారి 1874లో 800 ఫ్రాంకులకి కొన్నాడు. ఆయన దివాలా తీసి 1878లో వేలం వేస్తే 210 ఫ్రాంకులే వచ్చాయి. వీళ్లని నిలబెట్టినవాడు పాల్ డ్యూరాన్ రుయెల్ అనే డీలరు. యుద్ధంలో లండన్ పారిపోయినప్పుడు మోనే, పిస్సారో ఆయనకి తగిలారు. ఆయన రాజరికం రావాలనే కరడుగట్టిన క్యాథలిక్, పిస్సారోయేమో ప్రభుత్వమే వద్దనే అరాచకవాది, అయినా ఆయన బొమ్మలు కొంటూనే ఉన్నాడు. చిత్రకారులకి నెలనెలా డబ్బు పంపడం, ఒకే మనిషి బొమ్మలతో ప్రదర్శన పెట్టడం, ఒకరి బొమ్మలన్నీ తానే కొని ధర నిలబెట్టడం, ఈరోజు గ్యాలరీలు చేసే చాలా పనులకి దారి వేసింది ఆయనే. 1886లో దాదాపు 300 బొమ్మలు ఓడలో వేసుకుని న్యూయార్క్ వెళ్లాడు. అక్కడివాళ్లకి సలోన్ భక్తి లేదు, కొత్తగా సంపాదించిన డబ్బుంది, ఇష్టపడి కొన్నారు. అయిపోయిందో లేదో జ్యూరీ చెప్పే రోజులు పోయి మార్కెట్ చెప్పే రోజులు అలా వచ్చాయి. ఇది విడుదలా, కొత్త యజమానా? నాకైతే రెండూ అనిపిస్తుంది.

ఫ్రాన్స్ ప్రభుత్వం మాత్రం ఇంకా మొరాయిస్తూనే ఉంది. గుస్తావ్ కైబోత్ అని వీళ్లలోనే ఒకడు, డబ్బున్నవాడు, స్నేహితుల బొమ్మలు కొని వాళ్లని బతికించినవాడు. 1894లో చనిపోతూ అరవైకి పైగా బొమ్మల్ని దేశానికి రాసిచ్చాడు, అటకెక్కించకూడదు, ఊళ్లలో మ్యూజియాలకి పంపించేయకూడదు అని ముందే షరతు పెట్టి మరీ. ఉచితంగా వస్తున్నవాటిని తీసుకోవడానికి రెండేళ్లు లాగారు, చివరికి నలభై వరకు తీసుకుని మిగిలినవి వద్దన్నారు. ఆ నలభైలో రెన్వార్ వేసిన ములాఁ ద లా గాలెత్ డాన్సు బొమ్మ కూడా ఉంది. ఈరోజు ఆర్సే మ్యూజియంలో జనం తోసుకుంటూ సెల్ఫీలు దిగేది దాని ముందే. ఆ మ్యూజియం ఒకప్పటి రైల్వే స్టేషన్, 1986లో మ్యూజియంగా తెరిచారు.

వీళ్లంతా ఒకే మాట మీద ఉన్న మంచి మనుషుల గుంపు అనుకుంటే అదీ పొరపాటే. 1894లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి మీద దేశద్రోహం కేసు అన్యాయంగా బనాయిస్తే దేశం రెండుగా చీలింది, వీళ్లూ చీలారు. మోనే, పిస్సారో డ్రేఫస్ వైపు. డెగా, రెన్వార్ ఎదుటి వైపు. పిస్సారో యూదుడు, ఏళ్ల తరబడి కలిసి ప్రదర్శనలు పెట్టిన డెగా ఆయనతో సంబంధం తెంచుకున్నాడు. డెగా బాలే పిల్లల బొమ్మలు ఎంత అందంగా ఉంటాయో మనకి తెలుసు. ఆ పిల్లలు బీద ఇళ్ల నుంచి వచ్చినవాళ్లనీ, తెర పక్కన నల్లకోటుతో నిలబడ్డ పెద్దమనుషులు వాళ్ల కోసం చందా కట్టి లోపలికొచ్చినవాళ్లనీ తెలిశాక ఆ మూలనున్న నల్లకోటు కనపడకుండా ఆ బొమ్మని చూడలేం. డెగా దాన్ని దాచలేదు, వేశాడు.

1897 చివర్లో పిస్సారో కంటి జబ్బుతో బయట తిరగలేక, పారిస్‌లో హోటల్ గది కిటికీలోంచి సెయింట్ ఒనోరే వీధిని వానలో వేశాడు. తడిసిన రోడ్డు, గుర్రపు బళ్లు, గొడుగులు. ఆ బొమ్మ జర్మనీలో కాసిరెర్ అనే యూదు కుటుంబానికి చేరింది. 1939లో లిల్లీ కాసిరెర్ దేశం దాటడానికి అనుమతి కావాలంటే ఆ బొమ్మ నాజీలకి అప్పగించాల్సి వచ్చింది, ఇచ్చినట్టు రాసుకున్నది 900 మార్కులు, అదీ ఆమె చెయ్యి పెట్టలేని ఖాతాలో. ఇప్పుడది మాడ్రిడ్‌లోని తీసెన్ మ్యూజియంలో ఉంది. వారసులు 2005లో అమెరికాలో కేసు వేశారు. 2024 జనవరిలో అప్పీలు కోర్టు స్పెయిన్ చట్టం ప్రకారం మ్యూజియానిదే అంది. ఆ ఏడాదే కాలిఫోర్నియా ఇలాంటి బాధితుల కోసం కొత్త చట్టం చేసింది, దాంతో 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసి మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. నా మటుకు నాకు ఇందులో సందేహం లేదు, మెడ మీద కత్తి పెట్టి తీసుకున్నది తిరిగివ్వాలి.

ఇంకో గొడవ పొగ గురించి. 2023లో ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్‌వీ, మోనేవీ బొమ్మలు వంద దాకా తీసుకుని, అంచులు ఎంత మసకగా ఉన్నాయో, ఎంత తెల్లబారాయో కొలిచి, అప్పటి బొగ్గు పొగ లెక్కలతో పోల్చి చూశారు. పొగ పెరిగేకొద్దీ బొమ్మ మసకబారింది. మరైతే ఇంప్రెషనిజం అంటే కాలుష్యమేనా అని పేపర్లు గోల చేశాయి. అంత తేలిక కాదు, అదే పొగలో చాలామంది చిత్రకారులు అంచులు గీసినట్టే వేశారు. కానీ మోనే లండన్ నుంచి 1900లో భార్యకి రాసిన ఉత్తరంలో, పొద్దున లేచి చూస్తే మంచు జాడే లేదని భయపడిపోయాననీ, తర్వాత పొయ్యిలు అంటించేసరికి పొగా మసకా తిరిగి వచ్చాయనీ చెప్పుకున్నాడు. ఆ మసక ఎక్కడి నుంచి వస్తోందో ఆయనకి బాగా తెలుసు. లె హావ్ర్ బొమ్మలో చిమ్నీలు కూడా ఊరికే లేవు. కాబట్టి 2022 అక్టోబర్‌లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో వాతావరణ ఉద్యమకారులు ఆయన గడ్డివాముల బొమ్మ మీద ఉడికించిన బంగాళదుంప ముద్ద విసిరినప్పుడు, ఆ పని నాకు నచ్చలేదు గానీ, ఆ గడ్డివాములు మన గొడవలకి ఏ సంబంధం లేని అమాయకపు బొమ్మలని వాదించినవాళ్లతోనూ ఏకీభవించలేకపోయాను. గాజు ఉంది కాబట్టి బొమ్మకేమీ కాలేదు. 2019 వేలంలో దాని ధర 11 కోట్ల డాలర్లు దాటింది, 'ఇంప్రెషన్, సూర్యోదయం'కి వచ్చిన 210 ఫ్రాంకుల నుంచి ఇక్కడిదాకా.

ఆ గడ్డివాముల వరసలో ఒకదాన్ని 1896లో మాస్కోలో ఒక యువకుడు చూశాడు. అదేం బొమ్మో అర్థం కాలేదు, క్యాటలాగు చూస్తే గడ్డివామని ఉంది. గుర్తుపట్టలేనందుకు బాధపడ్డాడు, కానీ ఆ బొమ్మ మాత్రం బుర్రలోంచి పోలేదు. ఆ యువకుడు కండిన్‌స్కీ, తర్వాత వస్తువే లేని బొమ్మలు వేసినవాళ్లలో ముందువాడు.

మోనే మాత్రం కలువల దగ్గరికి వెళ్లాడు. 1912లో కళ్లల్లో శుక్లాలని తేలింది, రంగులు పసుపుబారిపోయాయి, ట్యూబుల మీద పేర్లు చదువుకుని రంగు ఎంచుకోవాల్సిన స్థితి. 1918 నవంబర్ 12న, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన మర్నాడు, స్నేహితుడైన ప్రధానమంత్రి క్లెమాన్సోకి ఉత్తరం రాసి, ఈ విజయానికి గుర్తుగా రెండు బొమ్మలు దేశానికిస్తానన్నాడు. ఆ రెండూ పెరిగి పెరిగి, ఒక్కోటి రెండు మీటర్ల ఎత్తు, అన్నీ కలిపితే దాదాపు వంద మీటర్ల పొడవైన కొలనయింది. ఒప్పందం రాసుకున్నారు, గడువు దాటింది, 1923లో కంటి ఆపరేషన్ అయింది, క్లెమాన్సో బతిమాలాడు, కోప్పడ్డాడు. మోనే ఇవ్వలేదు. ఇంకా అవలేదు అన్నాడు. పూర్తికాని బొమ్మలు వేస్తాడని పేరు పడినవాడు, అయిపోయిందని ఒప్పుకోకుండానే 1926 డిసెంబర్‌లో చనిపోయాడు, అప్పుడు గానీ అవి జివెర్నీ దాటలేదు.

1927 మేలో పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో, ఆయన కోరినట్టే రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో, పైకప్పు నుంచి పగటి వెలుగు పడేలా పెట్టారు. చూడటానికి ఎవరూ పెద్దగా రాలేదు. 1960లలో పైన ఇంకో అంతస్తు కట్టి వేరే బొమ్మలు పెట్టారు, కలువలకి వెలుగు పోయింది, దాదాపు నలభై ఏళ్లు కరెంటు దీపాల కింద ఉన్నాయి. తర్వాత ఆ అంతస్తు పగలగొట్టి తీసేసి 2006లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు అక్కడ కూర్చున్నప్పుడు బయట మబ్బు పట్టిందంటే లోపల కొలను ఊదాగా మారుతుంది.